మైనపు కోటలో సబ్బుల గంప

పొద్దు పడమటి కొండల మీదికి జారే వేళకు అరుణకేతు, యువరాణి తారావళి ధూమకంఠ మాంత్రికుడి కోట వాకిట్లో నిలబడ్డారు.

ఆ కోటను చూస్తే ఎంతటి వీరుడికైనా కాలు తడబడుతుంది. దానికి రాయి లేదు, ఇటుక లేదు, సున్నం లేదు. అంతా మైనమే. లక్ష తేనెపట్లు కరిగించి పోసిన గోడలు. గోడల నిండా ఆరు పలకల గూళ్ళు, గూటికొక పిడికెడంత తేనెటీగ కాపలా. ఎండ తగిలినప్పుడు కోట పండిన పనసతొనలా పచ్చగా వెలుగుతుంది. మాంత్రికుడు వేసిన కట్టు ఉన్నంతవరకూ ఎంత ఎండకైనా, ఎంత మంటకైనా అది కరగదు. చుట్టూ ఉన్న అగడ్తలో నీళ్ళకు బదులు చిక్కటి తేనె. ఎప్పుడో నూరేళ్ళ కిందట అందులో పడ్డ ఏనుగు ఒకటి, తొండం పైకెత్తి, ఒక్క వెంట్రుక కూడా చెడకుండా ఇంకా అలాగే నిలబడి ఉంది.

అరుణకేతు ముతక పంచె కట్టి, నెత్తిన సబ్బుల గంప పెట్టుకున్నాడు. తారావళి కోక పైకి దోపి, కాళ్ళకు ఇత్తడి కడియాలు వేసి, నోట్లో ఆకూవక్కా కుక్కుకుంది. ఇద్దరి ముక్కుల్లోనూ మైనం ఉండలు. ఎందుకంటే ఆ కోటలో భటులెవరూ తమ ఇష్టంతో కొలువు చేస్తున్నవాళ్ళు కారు. వశ్యపుష్పం వాసన పీల్చినవాడు ఆ తర్వాత మొట్టమొదట ఎవరి గొంతు వింటే వాళ్ళ మాట జవదాటలేడు. మళ్ళీ పీల్చి మరో గొంతు వింటే తప్ప ఆ కట్టు వీడదు.

"కేక వెయ్యి," అంది తారావళి మెల్లగా.

అరుణకేతు నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. మల్లికాపురం సభలో ఒక ఝాము సేపు తడుముకోకుండా శ్లోకాలు చదివిన గొంతు అది. "సబ్బులో..." అనే మూడు అక్షరాల దగ్గర పూడుకుపోయింది. గురుకులంలో తోటి విద్యార్థులు ఆ కేకను ముక్కుతో వెక్కిరిస్తూ అరిచేవాళ్ళు. వాళ్ళతో కలిసి తనూ నవ్వేవాడు, ఆ కేక ఎవరిదో తెలియనట్టు.

తారావళి ఇక ఆగలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అందుకుంది.

"సబ్బులో సబ్బులు! వట్టివేళ్ళ సబ్బులు! మరువం సబ్బులు! ఒక్కసారి రుద్దితే ఏడు రోజులు వాసన! మురికి మొహాల వాళ్ళు ముందుకు రండి, మొహమాటపడకండి!"

కావలి భటుడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఏయ్, ఎవరు మీరు? ముక్కుతో మాట్లాడతావేం?"

"పడిశం పట్టింది బాబూ. కొండగాలి."

"ఆడదానివి నువ్వు అరుస్తుంటే వాడు బొమ్మలా నిలబడ్డాడేం? మూగవాడా?"

"మూగవాడైతే ఏ బాధా లేదు బాబూ," అంది తారావళి ఉమ్మి పక్కకు ఊసి. "మా మావ నాలుగక్షరాలు చదువుకున్నాడు. అందుకని సబ్బులంటే సిగ్గు. కట్టుకున్న పాపానికి నేనే అరుస్తున్నాను."

భటుడు పడీ పడీ నవ్వాడు. అరుణకేతు తల గంప కింద ఇంకా దిగిపోయింది. ఆమె వేషం కోసం అన్న మాటలే అవి. కానీ అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"సరే, నడవండి," అన్నాడు భటుడు. "ఈ పని తెలిసినవాళ్ళు దొరికితే తెమ్మని ప్రభువుల ఆజ్ఞ. లోపల ఒక ముసల్ది పొద్దుటినుంచీ 'ఇంకా కాలేదు, ఇంకా కాలేదు' అంటూ ఆయన ప్రాణం తోడేస్తోంది."

ఆ ముసలామె పేరు సిద్ధమ్మ. అరుణకేతు కన్నతల్లి.

మల్లికాపురం పాతపేటలో నూనెగానుగల వీధి చివరి ఇల్లు ఆమెది. ఉత్తరేణి బూడిద నానబెట్టి తేట తీసి, అందులో ఇప్పనూనె పోసి కలియబెట్టి, మోదుగ దొప్పల్లో పోసి, నలభై రోజులు అటక మీద ఆరబెట్టి సబ్బులు చేసేది. తేనెమైనం కరిగించి పరిమళపు వత్తులు పోసేది. బూడిదతేటలో నాని నాని ఆమె కుడి బొటనవేలు వంకరపోయింది. ఆ వంకర వేలితోనే ప్రతి సబ్బు మీదా ఒక నొక్కు నొక్కేది. అదే ఆమె ముద్ర. ఆ ముద్రతోనే కొడుకు ఎర్రన్నను గురుకులానికి పంపింది. ఆ వీధిలో ఓనమాలు దిద్దిన మొదటివాడు ఎర్రన్న. పన్నెండేళ్ళ తర్వాత ఆస్థాన పండితుడై బయటికి వచ్చినప్పుడు అతని పేరు అరుణకేతు. తల్లిదండ్రుల మాట ఎవరైనా అడిగితే, చిన్నప్పుడే పోయారని చెప్పేవాడు. రాజభవనంలో వాడే సబ్బులు కూడా సిద్ధమ్మవే. స్నానాల గదిలోకి తోటి పండితులు రాకముందే అతను వెళ్ళి, సబ్బు మీది బొటనవేలి నొక్కును గోటితో గీకి చదును చేసేవాడు.

పదహారు రోజుల కిందట అతనికి సభలో సువర్ణ కంకణం తొడిగారు. ఆ మాట పాతపేటకు ఎలా చేరిందో చేరింది. సిద్ధమ్మ గంపలో కొడుకు కోసం విడిగా దాచిన సంపెంగ సబ్బులు పెట్టుకుని ఆ రోజే రాజుగారి కోటగుమ్మం దగ్గరికి వచ్చింది. అతను సేనాపతితో కలిసి మెట్లు దిగుతున్నాడు.

"ఎర్రన్నా!" అని పిలిచింది.

సేనాపతి ఆగాడు. "ఈమె నీకేమవుతుంది?" అని అడిగాడు, మామూలుగానే.

"ఏమీ కాదు. ఎవరో సబ్బులమ్మి," అన్నాడు అరుణకేతు.

సిద్ధమ్మ ఒక్క క్షణం అతని మొహం చూసింది. తర్వాత సేనాపతి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "అవును దొరా, సబ్బులమ్మినే. కళ్ళు సరిగా ఆనక మా అబ్బాయి అనుకున్నాను. తప్పు కాయండి," అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె గుమ్మం దాటి పది అడుగులు వేసిందో లేదో, ధూమకంఠుడి నల్లటి పొగ గద్దలా దిగివచ్చి ఆమెను గంపతో సహా ఆకాశంలోకి ఎగరేసుకుపోయింది.

మహారాజు సభలో అడిగాడు, "ఆమె తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా?" అని. ఒకసారి కాదు, మూడు రోజులు వరసగా అడిగాడు. మూడు రోజులూ అరుణకేతు తన ఆసనంలో కంకణం తిప్పుకుంటూ కూర్చున్నాడు. నాలుగోరోజు పొద్దున అతను కంకణం తీసి పీట మీద పెట్టి, పాతపేట ఇంటి అటక మీది సబ్బులు మూటగట్టుకుని కాలినడకన బయల్దేరాడు. ఊరి పొలిమేర దగ్గర తారావళి గుర్రం మీద ఎదురైంది. ఎందుకు వెళుతున్నావని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఇప్పుడు మైనపు నడవలో భటుడి వెనకాల నడుస్తూ ఆమె మెల్లగా అంది, "పండితుడా, ఒక మాట. ఆ రోజు మా కోటగుమ్మం పైన మేడ మీద నేనున్నాను."

అరుణకేతు అడుగు ఆగింది. "అంతా విన్నారా?"

"విన్నాను. సిద్ధమ్మ దగ్గర నా పదో ఏటినుంచి సబ్బులు కొంటున్నాను. ఆమె నోట ఎర్రన్న పేరు రాని రోజు లేదు. 'మా వాడు మూడు శాస్త్రాలు చదివాడమ్మా' అనేది. నువ్వు సభలోకి వచ్చిన మొదటిరోజే పోల్చాను, నీ ఉత్తరీయం దగ్గర ఆ సంపెంగ వాసనకి."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"అది నువ్వు చెప్పాల్సిన మాట కదా," అంది తారావళి. "గంప సరిగా పట్టుకో, ఒరుగుతోంది."

నడవ చివర మహామండపం. వెయ్యి స్తంభాలు, అన్నీ మెలితిరిగిన వత్తుల్లా ఉన్నాయి. కప్పుకు మైనపు పువ్వులు, పువ్వు పువ్వునా నీలిమంట. గోడవారన రెండు వందలమంది భటులు కత్తులు దూసి నిలబడ్డారు. నడుమ, తాటిమాను దొలిచి చేసిన వత్తి అచ్చు ఒకటి పదకొండు మూరల ఎత్తున నిలబెట్టి ఉంది. పక్కన పెద్ద కొప్పెరలో మైనం కుతకుతలాడుతోంది. కొప్పెర పక్కన, ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకుని, చీరచెంగు నడుముకు దోపి, చేతిలో గరిటెతో సిద్ధమ్మ.

పదహారు రోజుల్లోనే ఆమె చిక్కి సగమైంది. అరుణకేతు కళ్ళెత్తి చూడలేకపోయాడు.

సింహాసనం మీద ధూమకంఠుడు. పొగరంగు జడలు, వాసన సోకకుండా ముక్కుకు వెండి పట్టీ. అతని ఒళ్ళో స్ఫటిక కలశం, అందులో ఊదారంగు అత్తరు. పన్నెండేళ్ళకొకసారి పూసే వశ్యపుష్పాలన్నీ కోసి దించినది. లోకంలో ఉన్నది ఆ ఒక్క కలశమే.

"ముసలీ!" అని గర్జించాడు అతను. "పొద్దు కుంకుతోంది. పడమటిగాలి లేచేలోపు వశ్యవర్తి బురుజు మీద వెలగాలి. దాని వాసన మల్లికాపురం చేరాలి, వెనకే కొమ్ముబూరలో నా గొంతు చేరాలి. ఇంకా ఎంతసేపు?"

సిద్ధమ్మ గరిటెతో ఒక చుక్క మైనం తీసి మణికట్టు లోపలివైపు వేసుకుంది. చురుక్కుమన్నా మొహం చిట్లించలేదు. "ఇంకా కాలేదు దొరా."

"నీ కొడుకు నా చెరలో ఉన్నాడని మరిచిపోకు!"

"మరవలేదు దొరా. వాడిని ఒక్కసారి చూపించమనే కదా రోజూ అడుగుతున్నాను."

అరుణకేతు నెత్తిమీద గంప ఊగింది. తను ఆ మూడు రోజులూ మెత్తటి ఆసనం మీద కూర్చున్నాడు. ఆమె ఇక్కడ అతను చెరలో ఉన్నాడని నమ్మి, అతని కోసం చెయ్యి కాల్చుకుంటోంది.

"ప్రభూ, సబ్బులవాళ్ళు దొరికారు," అన్నాడు భటుడు.

సిద్ధమ్మ తల తిప్పింది. ఆమె కళ్ళు అరుణకేతు మీద పడ్డాయి. గరిటె చేతిలోంచి జారబోయి ఆగింది. అంతే. మొహంలో ఇంకేమీ కదలలేదు.

ధూమకంఠుడు దిగివచ్చి గంపలోంచి ఒక సబ్బు తీసి తిప్పి చూశాడు. దాని మీద వంకర నొక్కు. సిద్ధమ్మ చెయ్యి పట్టి లాగి, ఆమె బొటనవేలు ఆ నొక్కులో పెట్టాడు. అచ్చు పోసినట్టు సరిపోయింది.

మండపంలో కత్తులు గలగలలాడాయి. మాంత్రికుడు అరుణకేతు మొహంలోకి వంగాడు.

"ఈమె నీకేమవుతుంది?"

అదే ప్రశ్న. అదే నాలుగు ముక్కలు. అరుణకేతు పెదవులు విడివడేలోపే సిద్ధమ్మ అందుకుంది.

"ఏమీ కాడు దొరా. ఎవరో సబ్బులవాడు. పాతపేటలో నా సరుకు మారుబేరానికి కొనేవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఒకడై ఉంటాడు."

ఆనాడు అతను అన్న మాటలే. అతను తల ఎత్తుకు తిరగడానికి అన్నాడు, ఆమె అతని తల కాయడానికి అంటోంది.

"సబ్బులవాడివైతే వత్తుల పని కూడా తెలిసే ఉంటుంది," అన్నాడు మాంత్రికుడు. "చెప్పు. ఈ మైనం సిద్ధమైందా, లేక ఈ ముసల్ది కాలం దొర్లిస్తోందా? అబద్ధమాడితే అగడ్తలో ఆ ఏనుగు పక్కన నిలబెడతాను."

అరుణకేతు కొప్పెరలోకి చూశాడు. మైనం బుడగలు కక్కుతోంది. తనకు తొమ్మిదేళ్ళప్పటి ఒక మధ్యాహ్నం కళ్ళముందు కదిలింది. అమ్మ ఏడాదంతా కూడబెట్టిన సంపెంగ అత్తరును, సాయం చేద్దామని, మరుగుతున్న మైనంలో ఒంపేశాడు. వాసనంతా ఒక్క గుక్కలో ఆవిరై ఇంటికప్పులోంచి లేచిపోయింది. మూడు రోజులు వీధి వీధంతా సంపెంగలే. వత్తుల్లో మాత్రం ఏమీ మిగల్లేదు. భయంతో గాదె వెనక దాక్కున్న వాణ్ణి అమ్మ బయటికి లాగి, "వేడి మీద వాసన నిలవదురా ఎర్రడా. చెయ్యి పట్టేదాకా ఆగాలి," అని మణికట్టు చూపించింది. కొట్టలేదు.

ధూమకంఠుడికి మంత్రాలన్నీ తెలుసు. పొయ్యి దగ్గర కూర్చున్న రోజు మాత్రం ఒక్కటీ లేదు.

"ఎప్పుడో సిద్ధమైంది దొరా!" అన్నాడు అరుణకేతు గట్టిగా. "మైనం ఇలా కుతకుతలాడేటప్పుడే పొయ్యాలి. చల్లారితే పరిమళం పట్టదు. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు."

సిద్ధమ్మ కళ్ళు మెరిశాయి. మరుక్షణం ఆమె కొప్పెరకు అడ్డం పడి గుండెలు బాదుకుంది. "వద్దు దొరా! వాడి మాట వినకండి! వేడి మీద పోస్తే అంతా పోతుంది! నా మాట నమ్మండి!"

ఆమె చెప్పింది నిజమే. ఆ ఏడుపు చూసే మాంత్రికుడు నమ్మలేదు. "కాలం దొర్లిస్తున్నావన్నమాట!" అని ఆమెను పక్కకు నెట్టి, కలశం మూత తీసి, అత్తరంతా ఒక్కసారిగా కొప్పెరలోకి కుమ్మరించాడు.

భుస్సుమంది. ఊదారంగు ఆవిరి స్తంభంలా లేచి, కప్పుకు తగిలి, గొడుగులా విచ్చుకుని మండపమంతా కమ్మేసింది. రెండు వందలమంది భటులు ఒక్క ఊపిరిగా పీల్చారు. అందరి కళ్ళూ శూన్యంగా నిలిచిపోయాయి, ఎవరి గొంతు వినబడుతుందా అన్నట్టు.

ధూమకంఠుడు అరవబోయాడు. నోటినిండా వేడి ఆవిరి పోయి దగ్గు తెర ముంచుకొచ్చింది.

"ఊఁ! నువ్వు!" అన్నట్టు తారావళి మోచేత్తో పొడిచింది.

కత్తులు కింద పెట్టండి అనాలి. తలుపులు తియ్యండి అనాలి. అరుణకేతు మనసులో వాక్యం సిద్ధంగానే ఉంది. నోరు తెరిచేసరికి, పదహారు రోజులుగా గొంతుకు అడ్డంపడి ఉన్నది బయటికి వచ్చింది.

"ఈమె మా అమ్మ! పాతపేట సబ్బుల సిద్ధమ్మ! మా అమ్మ!"

మండపం మారుమోగింది. ఆ మాటే భటులకు ఆజ్ఞ అయింది. రెండు వందల కత్తులు ఒక్కసారే నేలకు వంగాయి. రెండు వందల గొంతులు ఒక్కటై పలికాయి.

"అమ్మా! సిద్ధమ్మ తల్లీ! ఏం చెయ్యమంటావు?"

సిద్ధమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. తడిగుడ్డ లోంచి, "ఓరి దేవుడా, ఇంతమందిని నేనెప్పుడు కన్నాను!" అంది. అంతలోనే తేరుకుని గరిటె ఎత్తింది. "ఒరే నాయనలారా, చూస్తారేం, తలుపులు బార్లా తియ్యండి! చెరలో ఉన్నవాళ్ళందర్నీ బయటికి తోలుకుపొండి! ఆ జడలవాణ్ణి పట్టుకోండి!"

భటులు దూకారు. ధూమకంఠుడు వాళ్ళ చేతుల్లోంచి పొగలా పైకి లేచి, కప్పు దగ్గర సుడి తిరుగుతూ వికటంగా నవ్వాడు. "నా వర్తి పోయిందా! అయితే నా కోట కూడా అక్కర్లేదు! ఈ గోడలకు వేసిన కట్టు విప్పేస్తున్నాను. కరిగిపొండి అందరూ!"

నీలిమంటల కింద కప్పు మెత్తబడింది. మైనపు పువ్వులు టపటపా రాలాయి. వెయ్యి స్తంభాలూ నడుములు వంచాయి. గూళ్ళలోంచి తేనెటీగలు నల్లటి మేఘంలా లేచాయి. తారావళి సబ్బుల గంప వాకిలి వైపు దిగే మెట్ల మీద గుమ్మరించి పైనుంచి నాలుగు కడవల నీళ్ళు పోయించింది. మెట్లన్నీ నురగై జారుడుబల్లలా మారాయి. భటులు, చెరలోని జనం వరసగా కూర్చుని కోట బయటికి జారిపోసాగారు.

"రా మావా!" అని అరిచి ఆమె తనూ జారింది.

అరుణకేతు అడుగు వెయ్యబోయాడు. కాలు రాలేదు. నేల మోకాళ్ళదాకా మింగేసింది. లాగుతున్నకొద్దీ దిగబడుతున్నాడు.

మెట్ల దగ్గరికి చేరిన సిద్ధమ్మ వెనక్కి చూసింది. కొంగు బిగించి తిరిగి వచ్చింది.

"వెళ్ళిపో! నువ్వు వెళ్ళిపో!" అని అరిచాడు అతను. అమ్మా అని పిలవడానికి నోరు రాలేదు. రెండు వందలమంది హాయిగా పిలిచిన పిలుపు అది. ఎదురుగా వచ్చేసరికి అతనికే సిగ్గు అడ్డొచ్చింది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, అతని కాళ్ళ చుట్టూ ఉన్న మైనంలో మణికట్టు ముంచి చూసింది. "ఇంకా చెయ్యి పట్టే వేడే. సలసల కాగేలోపు లాగాలి. గింజుకోకు, వదులుగా ఉండు." అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, లాగకుండా ఒక్క క్షణం ఆగింది. "లాగేటప్పుడు పిలవాలి కదా. నిన్ను ఏమని పిలవాలిప్పుడు? కొత్తపేరు నాకు నోరు తిరగడం లేదు."

ఆమె ఎత్తిపొడవడం లేదు. నిజంగానే అడుగుతోంది. అందుకే అతను తల ఎత్తలేకపోయాడు.

"ఎర్రడా అను," అన్నాడు. "ఎర్రడా అనే పిలువు, అమ్మా."

"అయితే పట్టుకో, ఎర్రడా!" అని ఆమె బలమంతా పెట్టి లాగింది. ఆమె వంకర బొటనవేలు అతని అరచేతిలో గట్టిగా నొక్కుకుంది.

కాళ్ళు ఊడివచ్చాయి. ఆ ఊపుకే మెత్తబడ్డ నేల కుప్పకూలింది. తల్లీ కొడుకులు పట్టిన చేతులు విడవకుండా, కోట అడుగున ఎవరూ చూడని తేనెచీకటిలోకి తలకిందులుగా పడిపోసాగారు. కింద ఎక్కడో ఏదో పెద్ద ప్రాణి మేలుకొని, రెక్కలు విదిలించిన చప్పుడయింది.